పడవెక్కి వచ్చిన రచయిత్రి

ప్రశ్న: అచీ ఒబేహస్ నవలా రచయిత్రా, అనువాదకురాలా? ఎక్కడ మొదలుపెట్టమంటారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూనమ్మా. 1956లో క్యూబా రాజధాని హవానాలో పుట్టి, ఆరేళ్లప్పుడు అమ్మానాన్నలతో పడవలో అమెరికా చేరారు. పెరిగింది ఇండియానా రాష్ట్రంలో. తర్వాత షికాగోలో జర్నలిస్టు. 2001లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక బృందానికొచ్చిన పులిట్జర్ బహుమతిలో ఆవిడకూ వాటా ఉంది.

నన్నడిగితే 'రూయిన్స్' (2009) నవలతో మొదలుపెట్టండి. 1994 నాటి హవానా, సరుకులకు కటకట. రేషన్ షాపులో పనిచేసే కథానాయకుడి పేరు ఉస్నావీ! అమెరికా యుద్ధనౌకల మీద 'యు.ఎస్. నేవీ' అక్షరాలు చూసి వాళ్లమ్మ పెట్టేసిందట. ఇంట్లో అతని ప్రాణమంతా ఓ పాత రంగుటద్దాల దీపం మీదే.

అనువాదాలు రెండు వైపులా చేస్తారు. జూనో డియాజ్ 'ఆస్కార్ వావ్' నవలను స్పానిష్‌లోకి, రచయిత్రి రీటా ఇండియానా స్పానిష్ నవలను 'టెంటకిల్'గా ఇంగ్లీషులోకి తెచ్చింది ఈవిడే. అంత ధైర్యం అందరికీ ఉండదు లెండి.