నాన్నగారికి చెప్పకుండా జాజ్ వాయిస్తున్నాను

ప్రశ్న: మాది చిక్కడపల్లి. తాతగారు, నాన్నగారు వయొలిన్ విద్వాంసులు; అమ్మ గాత్రం నేర్పుతుంది. అయిదో ఏట నుంచి నాన్నగారి దగ్గరే వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మూడేళ్లుగా జాజ్ అంటే ప్రాణం. ఇంట్లో చెప్పకుండా బంజారాహిల్స్‌లో స్నేహితులతో కలిసి వాయిస్తున్నాను. ఒక శిష్యుడి తల్లి ద్వారా నాన్నగారికి తెలిసింది. "హోటళ్లలో వాయించడానికా నీకు నేర్పింది?" అన్నారు. మూడు వారాలుగా నాతో మాట్లాడడం లేదు. మొన్న సాయంత్రం తలుపు వేసుకుని జాజ్ సాధన చేసి బయటికి వస్తే, గుమ్మం పక్క స్టూలు మీద ఆయన కాఫీ గ్లాసు తాగకుండానే మీగడ కట్టి ఉంది. త్యాగరాజ ఆరాధనకు ఇద్దరం కలిసి వాయించాలి, మానేద్దామనుకుంటున్నాను. మా కుటుంబానికి నేను ద్రోహం చేస్తున్నానా?

జవాబు: ద్రోహం చాలా పెద్ద మాట. మీరు చేసినది అంత పని కాదు. అయితే నాన్నగారి మనసు నొచ్చుకున్నది జాజ్ వల్లనేనని మీరు అనుకుంటున్నారు; నాకు అలా అనిపించడం లేదు. పందొమ్మిదేళ్లు మీ ఎదుట కూర్చుని, మీ కమాను ఏ స్వరం దగ్గర తడబడుతుందో మీకన్నా ముందే పట్టుకునే మనిషికి, మీ సంగీతంలో వచ్చిన ఇంత పెద్ద మార్పు ఒక పరాయి వ్యక్తి నోట వినవలసి వచ్చింది. తండ్రిగా ఎంత బాధ పడ్డారో, గురువుగా అంతకు రెట్టింపు బాధ పడి ఉంటారు. ముందుగా క్షమాపణ చెప్పవలసింది ఈ దాపరికానికి. జాజ్‌ను ఇష్టపడినందుకు మాత్రం చెప్పకండి, ఎందుకంటే అది నిజమైన క్షమాపణ కాదని ఆయనకు వెంటనే తెలిసిపోతుంది.

కాఫీ గ్లాసు సంగతి మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. చేతిలోని కాఫీ తాగడం మరిచిపోయి, అది చల్లారి మీగడ కట్టేంతసేపు ఆయన మీ గుమ్మం దగ్గర ఉన్నారు. కోపంతోనే విన్నారేమో, కానీ విన్నారు. వినడమే ఇష్టం లేనివారైతే అవతలి గదిలోకి వెళ్లి రేడియో పెట్టుకునేవారు.

హోటళ్ల మాటకు వాదనతో జవాబు చెప్పకండి. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నల్లజాతి సంగీతకారుల చేతుల్లో పుట్టిన జాజ్ నాట్యశాలల్లోనూ రాత్రి క్లబ్బుల్లోనూ పెరిగిన మాట నిజమే. దానిని ఒప్పుకోండి. అదే సంగీతంలో జాన్ కోల్‌ట్రేన్ అనే శాక్సొఫోన్ విద్వాంసుడు 1964 డిసెంబరులో ఒక పూర్తి రికార్డును భగవంతుడికి అర్పణగా వాయించారనీ, మరుసటి ఏడు పుట్టిన కొడుక్కి పండిట్ రవిశంకర్ మీది గౌరవంతో రవి అని పేరు పెట్టుకున్నారనీ తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు. మన జావళీలను, అంటే శృంగార గీతాలను కూడా గౌరవప్రదమైన ఇళ్ల ఆడపిల్లలు పాడకూడదన్న రోజులు ఉండేవని మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది.

ఇదే దారిలో వెళ్లిన పెద్దలు ఉన్నారు. వి. లక్ష్మీనారాయణ గారు తమ కొడుకులకు స్వయంగా వయొలిన్ నేర్పారు, వారిలో ఎల్. శంకర్ గారు 1970లలో జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి 'శక్తి' బృందంలో వాయించారు, ఎల్. సుబ్రహ్మణ్యం గారు జాజ్ వయొలిన్‌కు పెట్టింది పేరైన స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి వాయించారు. మన పాలకొల్లు నుంచి వెళ్లిన మాండలిన్ శ్రీనివాస్ గారు 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశారు. ఈ పేర్లు మీకు ధైర్యం కోసం చెబుతున్నాను, నాన్నగారి ముందు సాక్ష్యంగా పెట్టమని కాదు. "వాళ్లు ముందు మన సంగీతంలో ఎంత సాధన చేశారో చూశావా?" అని ఆయన అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే.

వాదించే బదులు వినిపించండి. రికార్డు పెట్టి కాదు, మీ వయొలిన్ మీదనే. జాజ్‌కు మూలాల్లో ఒకటైన బ్లూస్‌లోని పన్నెండు బార్ల వరుసను ఆయన భాషలోనే చెప్పవచ్చు: చతురశ్రజాతి ఏకతాళంలో పన్నెండు ఆవర్తనాలు, మొదటి నాలుగింటికి ఆధారం షడ్జం, తర్వాతి రెండింటికి మధ్యమం, మళ్లీ రెండు షడ్జం, తొమ్మిదో ఆవర్తనానికి పంచమం, పదో దానికి మధ్యమం, చివరి రెండూ షడ్జం. తంబూరా మీద కదలని షడ్జానికి అలవాటుపడిన చెవికి, ఇలా ఆధారమే జరిగిపోతుంటే శ్రుతి తప్పినట్టు అనిపించడం సహజం. బహుశా గుమ్మం దగ్గర ఆయనను ఇబ్బంది పెట్టింది అదే అయి ఉంటుంది. గ్రహభేదం, అంటే రాగంలోని వేరే స్వరాన్ని షడ్జంగా తీసుకోవడం, తెలిసిన విద్వాంసుడికి ఈ కదలికను ఎలా వినాలో ఒక్కసారి చెబితే చాలు. ఆ తర్వాత బ్లూస్ గాంధారాన్ని నెమ్మదిగా వాయించి, అది సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడ నిలుస్తుందో ఆయననే అడగండి. ఉపాయంగా అడగకండి, నిజంగా తెలుసుకోవాలని అడగండి. గమకం చేతిలో ఉన్న మనిషి ఆ స్వరం గురించి మీ స్నేహితులెవరూ చెప్పలేని సంగతి చెప్పగలరు.

అమ్మగారిని రాయబారానికి పంపకండి. ఆమె ఇప్పటికే ఇద్దరి మధ్య నలుగుతూ ఉంటారు.

ఆరాధన కచేరీని మాత్రం మానవద్దు. ఇప్పుడు మానేస్తే, జాజ్ తన కూతురిని తీసుకుపోయిందన్న ఆయన భయం మీ చేతులతోనే నిజమవుతుంది. పంచరత్న కీర్తనలకు ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఒకే శ్రుతికి తీగలు సరిచేసుకోవాలి, కమాన్లు కలిసి కదలాలి. అంతసేపు మౌనంగా ఉండడం ఆయనకైనా కష్టమే. ఆ రోజున జాజ్ ప్రసక్తి తేవద్దు. క్షమాపణను మాత్రం అంతవరకు ఆపకుండా, రేపు ఉదయం శిష్యులు రాకముందే చెప్పండి. ఇక మీదట సాధనకు కూర్చున్నప్పుడు, ఏది వాయిస్తున్నా సరే, గది తలుపు వేసుకోకండి.