పదును పెట్టాల్సింది కళ్లకే

ప్రశ్న: అమ్మ నవ్వుతూ ఉన్న ఫొటో మా దగ్గర ఒక్కటే ఉంది. ఫోన్‌లో తీసింది, కాస్త మసగ్గా వచ్చింది. ఫ్రేమ్ కట్టిద్దామని గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెన్ చేశాను. ఎంత పెంచినా ముఖం స్పష్టంగా రాలేదు సరికదా, జుట్టు చుట్టూ తెల్లటి గీత వచ్చింది, చెంపలు ఇసుక చల్లినట్టు అయ్యాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ముందు ఒరిజినల్ ఫైలును రెండు చోట్ల దాచుకోండి. ఏం చేసినా కాపీ మీదే చెయ్యండి. ఉన్నది ఒక్కటే ఫొటో కదా.

షార్పెన్ అన్న పేరు చూసి, పోయిన ఫోకస్ తిరిగొస్తుందని అందరం అనుకుంటాం. రాదు. ఆ ఫిల్టర్ మీ ఫొటోకి లోపల ఒక మసక నకలు తయారుచేసుకుంటుంది. అసలుకీ నకలుకీ ఎక్కడ తేడా ఉందో చూసి, ఆ తేడాను అసలుకి కలుపుతుంది. తేడా ఎక్కువగా ఉండేది అంచుల దగ్గర. అందుకే జుట్టూ వెనకున్న గోడా కలిసే చోట నలుపు ఇంకా నల్లబడి, తెలుపు ఇంకా తెల్లబడింది. మీకు కనిపించిన గీత అదే. ఈ ఫిల్టర్‌ని అన్‌షార్ప్ మాస్క్ అనడానికి కారణం కూడా ఆ మసక నకలే. ఫిల్ము రోజుల్లో డార్క్‌రూమ్‌లో నెగెటివ్‌కి మసక పాజిటివ్‌ని జతచేసి ప్రింటు వేసేవారు.

చెంపల మీద ఇసుకకి కారణం నాయిస్, అంటే ఫొటోలో అక్కడక్కడా పడే అనవసరపు చుక్కలు. ఫిల్టర్‌కి కనురెప్పా తెలియదు, నాయిస్ చుక్కా తెలియదు, రెండిటినీ అంచులే అనుకుంటుంది. పైగా ఫోన్ తన వంతు పదును ముందే పెట్టేసి ఉంటుంది.

ఇప్పుడు ఫొటోని 100 శాతం జూమ్‌లో పెట్టి, కంటిపాపలో మెరిసే వెలుగు చుక్కని చూడండి. గుండ్రంగా పరుచుకుని ఉంటే ఫోకస్ తప్పింది. గీతలా సాగి ఉంటే తీసేటప్పుడు చెయ్యి కదిలింది. సాగినదాన్ని షార్పెన్ చేస్తే అంచులు జంటగా కనిపిస్తాయి, దాని జోలికి వెళ్లకండి.

రెండిటికీ పనికొచ్చే మందు ఒకటుంది: సైజు తగ్గించడం. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 5×7 అంగుళాల ప్రింటుకి 1500×2100 పిక్సెళ్లు చాలు. 3000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోని సగం చేస్తే, 4 పిక్సెళ్ల మసక 2 పిక్సెళ్లకి దిగుతుంది. పెద్ద ఫ్రేమ్ ఆశ వదులుకోవాలి, కానీ అమ్మ ముఖం తేటగా కనిపిస్తుంది.

షార్పెన్ ఎప్పుడూ చివర్లోనే. సైజు తగ్గించాక లేయర్‌ని, అంటే ఫొటో ఉన్న పొరని, డూప్లికేట్ చేసి, పై లేయర్‌కి అన్‌షార్ప్ మాస్క్ వెయ్యండి. గింప్‌లో రేడియస్, అంటే అంచు చుట్టూ ఎంత వెడల్పు మారాలో చెప్పే అంకె, మొదట 3 ఉంటుంది. 1కి దించండి, గీత సన్నబడుతుంది. పదును ఎంత గట్టిగా పడాలో చెప్పే అమౌంట్ కొద్దికొద్దిగా పెంచండి. థ్రెషోల్డ్ కాస్త పెంచితే చిన్న చిన్న తేడాలను వదిలేస్తుంది. తర్వాత ఆ లేయర్‌కి నల్ల లేయర్ మాస్క్ (నలుపున్న చోట లేయర్‌ని దాచి, తెలుపున్న చోట చూపించే ముసుగు) పెట్టి, మెత్తటి బ్రష్‌తో తెల్లరంగు కళ్ల మీద, రెప్పల మీద, కనుబొమ్మల మీద, పెదవుల అంచున మాత్రమే అద్దండి. చెంపలు, నుదురు, జుట్టు అంచు ముట్టుకోవద్దు.

మా నాన్న ఫొటో ఒకటి ఇలాగే బాగుచేశాను. కుడి కంట్లో కిటికీ వెలుగు పడి, నాలుగు పిక్సెళ్లంత చుక్క ఉంది. ఆ చుక్కకీ, పై రెప్ప వెంట్రుకలకీ తప్ప దేనికీ పదును పెట్టలేదు. చూసేవాళ్ల చూపు నేరుగా కళ్ల మీదికే వెళ్తుంది. అవి తేటగా ఉంటే మిగతా ముఖం మెత్తగా ఉన్నా మసక అనిపించదు. ఆ ఫొటో ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.

ప్రశ్న: బ్యాంకు కాగితం ఫొటో పంపేటప్పుడు ఖాతా నంబరు బ్లర్ చేస్తే చాలా?

జవాబు: చాలదు. బ్లర్ అంటే పక్కపక్క పిక్సెళ్ల సగటు, అంకెల ఆనవాళ్లు అందులో మిగిలే ఉంటాయి. ఉన్నవి పదే అంకెలు. ఒక్కోదాన్నీ అలాగే బ్లర్ చేసి పోల్చి చూస్తే నంబరు దొరికిపోవచ్చు. నంబరు మీద నిండు నలుపు పెట్టె గీసి, జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. లేయర్లున్న ఫైలు మాత్రం పంపొద్దు, పెట్టె తీసేస్తే కింద నంబరు అలాగే ఉంటుంది.