వెడల్పు పాదాలున్న పెళ్లికూతురికి విజయవాడలో చెప్పులు దొరుకుతాయా?

దొరకవండి. చేయించుకోవాల్సిందే. మీరు అడిగినదానికి సూటి జవాబు ఇదే, ఇక కింద రాసేదంతా నా కడుపుమంట అనుకోండి.

శ్రావణంలో పెళ్లి, పాదాలు ముందువైపు బాగా వెడల్పు, బొటనవేలి మొదట్లో ఎముక పక్కకి పొడుచుకొచ్చింది, బీసెంట్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా ఏదీ పట్టడం లేదు, ఫ్లాట్స్ వేసుకుంటే రిసెప్షన్‌లో బాగోదని ఇంట్లో అంటున్నారు, ఏం చేయమంటారు అని రాశారు. పేరు మార్చేస్తే అది నా కథే. ఆ ఎముకని డాక్టర్లు బునియన్ అంటారు. మా ఇంట్లో అది అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చింది. పొలం మామయ్యలకి వెళ్లింది, ఎముక మాత్రం ఆడపిల్లల వాటాకి పడింది.

ముందు ఒక సంగతి ఆలోచించండి. మన పెళ్లిలో పెళ్లికూతురు అసలు చెప్పులు వేసుకునేది ఎప్పుడు? గౌరీపూజ దగ్గర్నుంచి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, సన్నికల్లు తొక్కడం, అరుంధతీ దర్శనం దాకా అన్నీ పారాణి పెట్టిన వట్టి కాళ్లతోనే. కాశీయాత్ర చేయించే ఇళ్లల్లో పెళ్లికొడుక్కైనా గొడుగు, చేతికర్రతోపాటు కొత్త చెప్పులు వస్తాయి, మనకి అదీ లేదు. అంటే మీ టెన్షన్ పెళ్లి గురించి కాదు, రిసెప్షన్ గురించి. ఆ ఒక్క సాయంత్రం కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని మీ పాదాలకి వంక పెడుతున్నారు.

ఆ వంక పెట్టడం దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. మాదీ శ్రావణం ముహూర్తమే కాబట్టి చెప్పుల బేరం ఆషాఢం సేల్‌లో పడింది. ఆషాఢంలో బీసెంట్ రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బండి ఎక్కడో గవర్నర్‌పేట సందుల్లో పెట్టుకుని, తోపుడు బళ్లని తప్పించుకుంటూ షాపులో పడేసరికి మనిషికి సగం ఓపిక అయిపోతుంది. షాపు కుర్రాడు పాపం మంచివాడే. "7 టైట్ అయితే 8 వేసుకోండక్కా" అన్నాడు. 8 వేస్తే మడమ దగ్గర వేలు దూరేంత ఖాళీ, ముందు మాత్రం అదే బిగుతు. "లేడీస్‌లో 8 దాటి రాదక్కా, జెంట్స్ పై ఫ్లోర్‌లో" అన్నాడు. పక్కన కూర్చున్న మా మేనత్త, షాపంతా వినేలా, "చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగింది, అందుకే పాదాలు పరుచుకుపోయాయి" అంది. కౌంటర్ దగ్గర ఓనరుగారు ఇంకో అడుగు ముందుకేసి "వేసుకుంటూ ఉంటే అదే సాగుతుందమ్మా" అన్నారు. తోలైతే కొద్దిగా సాగుతుంది. రెక్సిన్ మీద రాళ్లు అతికించిన పెళ్లి చెప్పు ఏమీ సాగదు, పొక్కేది మన చర్మమే.

నంబరు పెంచుకోమనే సలహా ఎందుకు పనికిరాదో చెప్తాను. షాపుల్లో మామూలుగా చెప్పే 6, 7, 8 ఇంగ్లాండు లెక్క. ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వెడల్పు పెరిగేది చాలా కొద్దిగా. కాబట్టి వెడల్పు కోసం నంబరు పెంచుతూ పోతే మిగిలేది మడమ వెనక ఖాళీయే. చెన్నైలో సీఎల్‌ఆర్‌ఐ అని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలని త్రీడీ స్కానర్‌తో కొలిచి, యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాలు వెడల్పని తేల్చారు. మనకంటూ 'భా' అనే కొత్త సైజుల పద్ధతిని కూడా ప్రతిపాదించారు. అది బీసెంట్ రోడ్డు దాకా ఎప్పుడొస్తుందో గానీ, ఆ వార్త మా మేనత్తకి చూపించాను. దేశం మొత్తం చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిందా అత్తయ్యా అని అడిగితే, "తిరిగే ఉంటుంది" అంది.

నన్నడిగితే మన వైపు ఆడవాళ్లలో ఎక్కువమంది తప్పు సైజు చెప్పులతోనే బతుకుతున్నారు. నమ్మకం లేకపోతే సత్యనారాయణపురంలో ఏ పేరంటానికైనా వెళ్లి గుమ్మం బయట విడిచిన చెప్పులు చూడండి. బొటనవేలి పక్కన అంచు ఉబ్బిపోయి, చిటికెనవేలు అట్ట దాటి బయటికి జారిన అచ్చు పడి ఉంటుంది. మగవాళ్లకి ఈ బాధ తక్కువ, వాళ్ల చెప్పులు మొదట్నుంచీ వెడల్పుగానే చేస్తారు. ఆడవాళ్ల పాదం సన్నగా ఉండాలని ఎవరు రాసిపెట్టారో నాకైతే తెలీదు.

సరే, నా చెప్పులు ఎలా తయారయ్యాయో చెప్తాను. మా నాన్నకి షుగర్. ఆయనకి డాక్టరు రాసిన ఎంసీఆర్ చెప్పులు, అంటే అరికాలి కింద మెత్తటి రబ్బరు షీటు వేసినవి, కుట్టిచ్చే పెద్దాయన ఒకరు వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర చిన్న బడ్డీలో కూర్చునేవారు. సాయంత్రం రమ్మన్నారు. పొద్దున కంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొలత అప్పుడే తీసుకోవాలట. నేను స్టూలు మీద కూర్చోబోతుంటే "కూర్చోకు తల్లీ, నిలబడు. కూర్చున్న కాలు అబద్ధం చెబుతుంది" అన్నారు. పాత పేపరు పరిచి, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేయించి, పెన్సిల్ నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీశారు. పెన్సిల్ లోపలికి వాలితే కొలత తగ్గిపోతుందట. టేపు లేదు. సన్నగా చింపిన కాగితపు పట్టీ ఒకటి ఆ ఎముక మీదుగా చుట్టి, రెండు కొసలూ కలిసిన చోట గోటితో నొక్కి చిన్న చీలిక పెట్టారు. ఇంకోటి పాదం మధ్యలో, ఇంకోటి చీలమండ మీదుగా మడమకి. పట్టీల మీద 'ఎ', 'కు' అని రాసుకున్నారు. నాకు ఎడమ పాదం పెద్దది. "చాలామందికి ఒకటి పెద్దదే ఉంటుంది. షాపులో ఏదో ఒక కాలికి వేసి చూపిస్తారు, జనం కొనుక్కుపోతారు" అన్నారు.

అప్పుడు అమ్మ హీల్ సంగతి ఎత్తింది. అబ్బాయి ఆరడుగులు, నేను అయిదుకి కాస్త ఎక్కువ, నాలుగంగుళాలైనా లేకపోతే ఫొటోల్లో బాగోదంది. పెద్దాయన కాదనలేదు. నాలుగంగుళాల ఎత్తు వచ్చేలా చెక్క ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటిమీద నా మడమ ఆనించి నిలబడమన్నారు. "ఇప్పుడు ఇక్కడ చూడమ్మా" అని అమ్మకి నా బొటనవేలి పక్క ఎముక చూపించారు. ఒంటి బరువంతా ముందుకి జారి అక్కడ చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. ఒక ముక్క తీశారు. అయినా తెలుపే. ఇంకోటి తీశారు, ఇంకోటి తీశారు, అప్పటికి మెల్లగా రంగు తిరిగొచ్చింది. "ఇక్కడ ఆగుదామా?" అని అమ్మనే అడిగారు. అంగుళంన్నర. అమ్మ ఏమీ మాట్లాడలేదు, తన కాలి వంక చూసుకుంది. ఆవిడ పెళ్లి ఫొటోల్లో ఎంత హీల్ ఉందో నేను ఎప్పుడూ అడగలేదు.

చెప్పు బిగించి కుట్టే చెక్క అచ్చులుంటాయి, వాటిలో లేడీస్‌కి నా వెడల్పుది లేదు. అందుకని జెంట్స్ 7 అచ్చు తీసి, ఎముక వచ్చే చోట తోలు ముక్కలు ఒకదానిమీద ఒకటి సొల్యూషన్‌తో అతికించి, అంచులు రాచి, చెక్క అచ్చుకి కూడా నాకున్నట్టే ఎముక మొలిపించారు. అరికాలి కింద నాన్న చెప్పులకి వాడే ఎంసీఆర్ షీటే. పైన నా రిసెప్షన్ బ్లౌజులో మిగిలిన పట్టుగుడ్డ, దాని లోపల మెత్తటి గొర్రె తోలు. "ఎముక మీద కుట్టూ రాకూడదు, అంచూ రాకూడదు" అని పట్టీని దానికి ముందొకటి, వెనకొకటి వేశారు. మడమ వెనక బకిల్.

ముందు భాగం మూసి ఉంటే బాగుంటుందని నేను అడిగితే, "రిసెప్షన్ పెళ్లికి ముందా, తర్వాతా?" అన్నారు. తర్వాతే. అయితే మెట్టెలుంటాయి కదా అన్నారు. ఈ మాట ఏ షాపులోనూ ఎవరూ చెప్పలేదు చూడండి. కొత్తగా మెట్టెలు పెట్టిన వేళ్లని ముందు మూసిన చెప్పులో ఇరికిస్తే పక్కవేలు ఒరుసుకుపోతుంది. పెళ్లికి ముందు మెట్టెలు పెట్టి చూడకూడదు కాబట్టి ఆయన నా రెండో వేళ్లకి గట్టి దారం చుట్టి, మెట్టె అంత మందం తెచ్చి, పట్టీ ఎక్కడ పడాలో అప్పుడు గుర్తు పెట్టారు. దారం కూడా ఏమిటని అమ్మ కాసేపు సణిగింది. మొత్తం కలిపి నాకైన ఖర్చు, షాపులో ఆ రాళ్ల చెప్పులకి చెప్పిన రేటులో సగం.

రిసెప్షన్‌లో ఆ చెప్పుల్ని ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. లెహంగా నేలని ఊడ్చేస్తుంటే ఎవరికి కనిపిస్తాయి? నాలుగంగుళాల హీల్ గురించి ఇంట్లో అంత రభస ఎందుకు చేశారో ఆ పూట అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. కానీ అసలు దుర్మార్గం చెప్పులది కాదు, ఆ నిలబెట్టడానిది. స్టేజీ మీద సింహాసనాల్లాంటి కుర్చీలు రెండు వేస్తారు, డెకరేషన్ బిల్లులో వాటి అద్దె కూడా ఉంటుంది, వాటిమీద కూర్చునే భాగ్యం మాత్రం మనకి ఉండదు. ఒకళ్లు కవరిచ్చి దిగేలోపు ఇంకో కుటుంబం ఎక్కుతుంది. ఎవరో లీడరు తాలూకు మనుషులు క్యూ పక్కన పెట్టి నేరుగా పైకొస్తారు, వాళ్లలో ఒక్కరి పేరూ మా రెండిళ్లల్లో ఎవరికీ తెలీదు. వీడియో అతను "మేడమ్, ఇంకోసారి నవ్వండి" అంటాడు. జనం అందరూ భోంచేసి కిళ్లీ వేసుకుని వెళ్లాక మనకి చల్లారిన బిర్యానీ పెడతారు. వచ్చినవాళ్లు కింద హాయిగా కూర్చుని, పెళ్లయినవాళ్లు పైన గంటలకొద్దీ నిలబడే ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ, మా తాతమ్మల కాలంలో లేదు. అప్పుడు పెళ్లికూతురు పీటల మీద కూర్చునేది, వచ్చినవాళ్లే వంగి అక్షింతలు వేసి వెళ్లేవాళ్లు. నా చెల్లి పెళ్లికి స్టేజీ మీద సోఫా వేయించి, పెద్దవాళ్లు వచ్చినప్పుడు మాత్రం లేచేలా చేశాం. ఎవరి గౌరవానికీ భంగం రాలేదు.

ఇక మీ సంగతి. శ్రావణం దాకా ఆగకండి, ఆషాఢం సగంలోకి వచ్చాక కుట్టేవాళ్లు కూడా ఖాళీగా ఉండరు. మీకు తెలిసిన షుగర్ పేషెంట్లని అడగండి, ఎంసీఆర్ చెప్పులు ఎక్కడ కుట్టిస్తున్నారని. పాదాన్ని బట్టి చెప్పు చేయడం తెలిసినవాళ్లు అవి కుట్టేవాళ్లే. లెహంగా అంచు మడిచే ముందే చెప్పులు చేతికి రావాలి, ఎత్తు తేలకుండా టైలర్‌కి పొడవు చెప్పకండి. చీరైతే పెటీకోటుకీ అంతే. చెప్పులొచ్చాక కొన్నాళ్లు సాయంత్రాలు ఇంట్లోనే వేసుకుని వంటింట్లో తిరగండి, ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది, కుట్టు విప్పి సర్దడానికి టైముంటుంది. కొత్త అట్ట నున్నగా ఉండి స్టేజీ మీద కార్పెట్ మీద జారుతుంది, అడుగున ఇసుక కాగితంతో రుద్దమనండి. ఆన్‌లైన్‌లో వెడల్పు పాదాలకని అమ్మేవి కూడా ఉన్నాయి, రిటర్న్ తీసుకుంటారో లేదో చూసుకుని తెప్పించండి. నేను తెప్పించిన జత మా మేనత్తకి సరిపోయింది. పరుచుకున్న పాదాలు నావే కాదన్నమాట.

పెళ్లిలోపు ఆ ఎముకకి ఆపరేషన్ చేయించుకోమని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రిసెప్షన్ కోసం ఆ పని చేయకండి, కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నొప్పి ఉంటే పెళ్లి హడావుడి అయ్యాక తీరిగ్గా ఎముకల డాక్టరుకి చూపించుకోండి.

ఫొటోగ్రాఫర్ మాత్రం హైట్ తేడా అని మిమ్మల్నీ సతాయిస్తాడు, రాసిపెట్టుకోండి. మా ఫొటోగ్రాఫర్ సతాయిస్తే స్టేజీకున్న మెట్టు మీద నేను, కింద మా ఆయన నిలబడ్డాం. ఆల్బమ్‌లో బాగా వచ్చినవి ఆ ఫొటోలే.