ఫోన్ నిండా ట్యూన్ ముక్కలే, పాట మాత్రం కావట్లేదంటే

మీ ప్రశ్న చదవగానే నా పాత ఫోన్ గుర్తొచ్చింది. పది పదిహేను సెకన్ల ట్యూన్లు బోలెడు రికార్డు చేసి పెట్టుకున్నారు. ఒక్కటీ రెండు నిమిషాలు దాటట్లేదు. లూప్ పెడితే బోరు, కొత్త ట్యూన్ కలిపితే అతుకు తెలిసిపోతోంది. అంతేగా మీ గొడవ? ఉన్న ముక్కనే కాపీ పేస్ట్ చేసుకోవచ్చా అని కూడా అడిగారు, దానికీ వస్తాను. కొన్నేళ్ల కిందటి దాకా నాదీ అదే గొడవ. నేను బరంపురంలో ఉంటాను. పగలు బట్టల షాపులో లెక్కలు రాస్తాను, సాయంత్రమైతే కీబోర్డు. పెళ్లిళ్లు, భజనలు, డాన్స్ ప్రోగ్రాములు, ఏది వస్తే అది. థియరీ పెద్దగా చదువుకోలేదు కాబట్టి నాకు పని చేసిందే చెప్తాను.

మా ఊళ్లో కూచిపూడి నేర్పే మేడం ఒకావిడ వార్షికోత్సవానికి ఏడు నిమిషాల ఐటం అడిగారు. గోపాల్‌పూర్ సముద్రం మీద, మాటల్లేకుండా, వట్టి మ్యూజిక్. నేను ఎగిరి గంతేసి ఫోన్లో ఉన్న వాటిల్లోంచి తొమ్మిది బిట్లు ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఇచ్చేశాను. రిహార్సల్లో పిల్లలు ప్రతి నలభై సెకన్లకీ ఆగిపోయి మేడం ముఖం చూస్తున్నారు. మృదంగం వాయించే పెద్దాయన వాద్యం పక్కన పెట్టి, "ఏటి బాబూ ఇది, సంతలో నిలబడ్డట్టుంది. అందరూ పిలుస్తారు, ఒక్కడూ బేరం తెగనివ్వడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

మేడమే పర్లాకిమిడిలో ఒక వయొలిన్ మాస్టారి దగ్గరికి పంపారు. ఆదివారం పొద్దున్నే పలాస వెళ్లి, అక్కడ గుణుపూర్ పాసింజర్ పట్టుకుని దిగాను. మాస్టారు తొమ్మిది బిట్లూ వరసగా విన్నారు. విని, తొడ మీద ఒక దెబ్బ వరస వేసి చూపించారు: ఒక పొడుగు, రెండు పొట్టి, రెండు పొడుగు. "వీటిలో ఆరింటికి ఇదే నడక. నీ దగ్గర తొమ్మిది ట్యూన్లు లేవు బాబూ. ఒకదానికే తొమ్మిది పేర్లు పెట్టావు" అన్నారు.

మీరూ ముందు ఈ పని చెయ్యండి. ముక్కలన్నీ ఒకే రోజు కూర్చుని వినండి, స్వరం పట్టించుకోకుండా దరువు మాత్రం చేత్తో కొట్టుకుంటూ. మన చెయ్యి ఏ నడకకి అలవాటు పడితే అదే మళ్లీ మళ్లీ వాయిస్తుంది. ఆ నడకే మీ అసలు సరుకు.

మాస్టారు ఆరింటిలో ఒకటి తీసుకున్నారు. మోహనం రాగంలో ఉన్న ముక్క, రెండు దెబ్బల పొడవు. దెబ్బకి నాలుగు మాత్రల లెక్కన ఎనిమిది మాత్రలు:

గ , ప ద ప , గ ,

ఇక్కడ కామా అంటే ముందు స్వరాన్నే ఇంకో మాత్ర సాగదీయడం. "దీంతో ఆదితాళం ఒక ఆవర్తనం నింపు, కొత్త ఆలోచన ఒక్కటీ తేకుండా" అన్నారు. ఆదితాళం అంటే ఎనిమిది దెబ్బల తాళం, అది ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తనం. నేను నాలుగు సార్లు అదే వాయించాను. ఆయన తల అడ్డంగా ఊపి, కాగితం మీద ఇలా రాశారు:

గ , ప ద ప , గ ,
రి , గ ప గ , రి ,
గ ప ద ప రి గ ప గ
గ రి స రి గ , , ,

మొదటి వరస నా ముక్కే. రెండోది అదే ముక్క, రాగంలో ఒక మెట్టు కిందికి దిగింది. మూడో వరస చూడండి, అసలు పని అక్కడ జరిగింది. కామాలు తీసేసి ముక్కని సగానికి కత్తిరించి, ఆ సగాన్ని పైన ఒకసారి, కింద ఒకసారి వేశారు. దాంతో హడావిడి పెరిగింది. నాలుగో వరసలో ఊపిరి తీసుకుని గాంధారం (గ) మీద ఆగింది. దెబ్బల్లో లెక్కేస్తే రెండు, రెండు, ఒకటి, ఒకటి, రెండు. మొత్తం ఎనిమిది, సరిగ్గా ఒక ఆవర్తనం. పన్నెండు సెకన్లు కూడా లేదు కానీ మొదటిసారి నా ట్యూన్ ఎక్కడికో వెళ్లి వచ్చినట్టు వినిపించింది.

తర్వాత చర్చిలో ఆర్గన్ వాయించే ఫ్రెండుకి ఇది చూపిస్తే నవ్వాడు. పాశ్చాత్య సంగీతంలో దీన్ని సెంటెన్స్ అంటారట. షోన్‌బర్గ్ అనే స్వరకర్త తన శిష్యులకి దీన్ని ప్రత్యేకంగా నేర్పేవాడు. బేతోవెన్ మొదటి పియానో సొనాటా మొదటి 8 బార్లు (తాళం చుట్లు) తీసుకుంటే అవీ రెండు, రెండు, ఒకటి, ఒకటి, రెండే. మాస్టారికి ఆ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. ఆయన మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టే చేశారు.

ఇప్పుడు సంగతులు. కృతిలో పల్లవి ఒకే వాక్యాన్ని ఐదారు సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ప్రతిసారీ కొంచెం కొత్తగా పాడతారు కదా, ఆ మార్పులే సంగతులు. ఈ పద్ధతిని అంత ఎత్తుకి తీసుకెళ్లినవాడు త్యాగరాజు (1767–1847). నాకు సంగతులంటే గమకాలు ఎక్కువ పెట్టడం అనే తెలుసు. మాస్టారు చెప్పింది వేరే: తల ఉంచితే తోక మార్చు, తోక ఉంచితే తల మార్చు, రెండూ ఒకేసారి మార్చావో వినేవాడి చెయ్యి వదిలేశావన్నమాట. నా ముక్కకి తల ఉంచి తోక మారిస్తే "గ , ప ద ప గ రి గ". తోక ఉంచి తల మారిస్తే "స రి గ ద ప , గ ,". రెండూ ఎనిమిది మాత్రలే. ఇలాంటివి ఒక్క మధ్యాహ్నంలో పదకొండు రాశాం. అందులో సగం తీసేశాం, అది వేరే కథ.

మూడో సంగతికి నేను ఉత్సాహంగా పై షడ్జానికి (పై స్థాయి స) వెళ్లిపోయాను. "గ , ప ద స ద ప గ" అని వాయించగానే మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "జీతం ఒకటో తారీకునే ఖర్చు పెట్టేస్తావేటి?" అన్నారు. ఈ మాట నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. మన దగ్గర ఉన్న మంచి స్వరం, మంచి తీగ, పెద్ద డ్రమ్ము అన్నీ మొదటి నిమిషంలోనే పెట్టేస్తాం, వినేవాళ్లు పారిపోతారేమోనని. ఆ తర్వాత ఇవ్వడానికేం ఉండదు. మీ రెండో నిమిషం బోరు అసలు కారణం ఇదేనని నా అనుమానం.

ఇంకో లెక్క కూడా ఆయనే వేశారు. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఏడు నిమిషాలంటే 560 దెబ్బలు, అంటే 70 ఆవర్తనాలు. ఆ అంకె వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. కానీ దాన్ని పంచితే బరువు తగ్గింది. మొదట శ్రుతి, మృదంగం మాత్రమే 4 ఆవర్తనాలు. ముక్క, దాని సంగతులు 16. స్వరాలు పూర్తిగా ఆపేసి జతులు, అంటే వట్టి దరువు పలుకులు, 14. ఆధార స్వరం మార్చి 12. ముక్క సగం వేగంలో తిరిగి రావడం 8. మళ్లీ వేగంగా 12, పై షడ్జం మొదటిసారి వినిపించేది ఇక్కడే, అంటే అయిదు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు గడిచాక. చివర ముక్తాయింపు, అంటే ముగింపు, 4. ఇందులో కొత్త ట్యూన్ ఒక్కటీ లేదు, చూశారా? మీ ముక్కకి ఇవే అంకెలు పెట్టమనట్లేదు. కానీ కీబోర్డు ముందు కూర్చునే లోపే ఇలాంటి కాగితం ఒకటి రాసుకోండి.

జతుల ఆలోచన మాత్రం నాదే, కొంచెం గొప్ప చెప్పుకోనివ్వండి. మా గంజాం జిల్లాలో జోడిశంఖం అని ఉంది. ఊరేగింపుల్లో మనిషి రెండు శంఖాలు ఒకేసారి ఊదుతూ ఆడతాడు, పక్కన డప్పు లాంటి చంగు మోగుతుంటుంది. శంఖంలో సరిగమలు పలికించడం కుదరదు కదా, ఆ ఒక్క నాదమే. అయినా మనం కదలకుండా నిలబడి చూస్తాం. ఒకసారి పట్టుదలగా గమనించాను. ఊదడం కంటే ఊదకపోవడంతోనే వాళ్లు ఎక్కువ ఆట ఆడిస్తున్నారు. శంఖం ఆగుతుంది, చంగు నడుస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్న చోట రాదు, ఒక దెబ్బ ఆగి వస్తుంది. అప్పుడు జనం అరుస్తారు.

అదే పట్టుకుని నా ముక్కలోంచి స్వరాలు తీసేసి నడక మాత్రం మిగిల్చాను: "తాం , త క తాం , తాం ,". మృదంగం పెద్దాయన దాన్ని మొదట ఉన్నదున్నట్టు, తర్వాత మొదటి తాం తీసేసి అక్కడ ఖాళీ వదిలి, తర్వాత చివరి రెండు తాంలు ఎగ్గొట్టి వాయించారు. ఆ ఖాళీల్లో పిల్లలు అడుగు వేస్తారు. బేతోవెన్ ఐదో సింఫనీ (మొదటి ప్రదర్శన 1808, వియన్నా) లోని నాలుగు స్వరాల ముక్క అందరికీ తెలుసు, మూడు పొట్టి, ఒకటి పొడుగు. అది నిజానికి చిన్న నిశ్శబ్దంతో మొదలవుతుంది. దెబ్బ ఖాళీగా పడ్డాక స్వరం వస్తుంది, మన లెక్కలో అనాగతం. మూడో భాగంలో హార్న్‌లు వేరే ట్యూన్ ఎత్తుకున్నా నడక అదే ఉంటుంది, అందుకే పరాయిగా అనిపించదు.

ప్రదర్శన రోజు ఈ జతుల భాగమే మమ్మల్ని కాపాడింది. ఇద్దరు పిల్లలకి లోపల డ్రెస్ మార్చడం అవ్వలేదు, పక్క నుంచి మేడం చేతులు ఊపుతున్నారు. పెద్దాయన కళ్లతోనే సరే అని, 14 ఆవర్తనాలని 17 చేశారు. 18 సెకన్లు. జనంలో ఎవరికీ తెలియలేదు.

ఆధార స్వరం మార్చడం అన్నాను కదా. కీబోర్డు వాళ్లకి ఇది వరం. మోహనంలో ఉండే అయిదు స్వరాలే వాయిస్తూ కింద బేస్‌లో షడ్జం బదులు మంద్ర ధైవతం (కింది స్థాయి ద) పెట్టండి. చెవికి అది శుద్ధ ధన్యాసి రాగంలా మారిపోతుంది. వేళ్లు అవే మెట్ల మీద ఉంటాయి కానీ మబ్బు పట్టినట్టు ఉంటుంది. గాంధారం ఆధారం చేస్తే హిందోళం, రిషభం (రి) అయితే మధ్యమావతి. ఇలా ఆధారం మార్చి వేరే రాగం వినిపించడాన్ని గ్రహభేదం అంటారు. నేను ఉబ్బితబ్బిబ్బై మూడూ వాడేస్తానన్నాను. మాస్టారు ఒక్కటే ఒప్పుకున్నారు. ఎక్కువ సేపు ఉన్నా, ఎక్కువ చోట్లకి తిప్పినా చెవి పాత షడ్జాన్ని మర్చిపోతుంది, అప్పుడు తిరిగి రావడం ఇంటికి వచ్చినట్టు ఉండదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ ఆయనతో పూర్తి ఏకాభిప్రాయం లేదు, సినిమా బీజీఎంలకి రెండు చోట్లు తిప్పినా నడుస్తుందని నా అభిప్రాయం.

ముక్తాయింపుకి నేను కొత్త తీర్మానం, అంటే ముగింపు దరువు, తయారు చేసుకుని వెళ్లాను. అక్కర్లేకపోయింది. అసలు ముక్క ఎనిమిది మాత్రలు. దాన్ని మూడు సార్లు వేసి మధ్యలో నాలుగేసి మాత్రలు ఖాళీ వదిలితే 8, 4, 8, 4, 8. మొత్తం 32, అంటే ఒక నిండు ఆవర్తనం. తర్వాతి సమం (తాళం మొదటి దెబ్బ) మీద షడ్జం పడితే అయిపోయింది. చివరి నాలుగు ఆవర్తనాల్లో మొదటి మూడు దీనికి దారి తియ్యడానికే.

మీరు అడిగిన కాపీ పేస్ట్ గురించి: చెయ్యండి, తప్పేం లేదు. త్యాగరాజు కృతుల్లో చాలా వాటికి చరణం రెండో సగం ట్యూను అనుపల్లవి (పల్లవి తర్వాత వచ్చే భాగం) ట్యూనే. సాహిత్యం మారుతుంది కాబట్టి అది మళ్లీ వచ్చిందని తట్టదు, బాగుందని మాత్రం తడుతుంది. మీకు సాహిత్యం లేదు కాబట్టి రెండోసారికి వాద్యమో, స్థాయో, కింద నడిచే తాళమో, ఏదో ఒకటి మార్చండి. ఒకటే. నా ఒడియా ఫ్రెండు ఒకడు చంపూ, అంటే పాటల కావ్యం, పాడతాడు. కవిసూర్య బలదేవ రథ రాసిన ఆ చంపూలో 34 పాటలు, క నుంచి క్ష దాకా అక్షరానికొకటి, ఒక పాటలో పాదాలన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఒక్క అక్షరం పట్టుకుని అంత దూరం వెళ్లొచ్చని వాడు పాడినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక పని. ఒక ముక్క ఎంచుకుని వారం రోజులు మిగతావి వినకండి. కీబోర్డులో కాకుండా ముందు కాగితం మీద స్వరాలు రాయండి. రాస్తేనే ఎక్కడ కత్తిరించాలో కనపడుతుంది, చెవికి మాత్రం అంతా ముద్దగా వినిపిస్తుంది. మీకు స్వరాలు రాయడం ఇబ్బందైతే ఏ ముక్క అనుకుంటున్నారో, దెబ్బకి ఎన్ని మాత్రలో ఇక్కడ కింద పెట్టండి. సమం మీద మొదలవుతుందో, దాటి మొదలవుతుందో కూడా చెప్పండి, అక్కడి నుంచి చూద్దాం.