పెల్లెట్ ప్లాంట్‌లో అసలు తలనొప్పి మంట కాదు, తడి

‘ఇనుప ఖనిజం పొడిని నేరుగా బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేయక, ఇన్ని తంటాలు పడి పెల్లెట్లు చేయడం ఎందుకు? అందులో కష్టమైన దశ ఏది?’ అని అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నదే. ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే ఆ ఫర్నేస్‌లో వేడి గ్యాసు కింది నుంచి పైకి రావాలి. మెత్తటి పొడి పోస్తే దారి మూసుకుపోతుంది, కొంత గ్యాసుతోపాటే ఎగిరిపోతుంది. సింటర్ చేయొచ్చు కదా, అంటే పొడిని పరుపులా పరిచి కాల్చి గడ్డలు కట్టించొచ్చు కదా అంటారు. ముతక పొడికైతే సరే. తక్కువ గ్రేడు ఖనిజంలోంచి సిలికాను, అంటే ఇసుక లాంటి మలినాన్ని, విడదీయాలంటే చాలాసార్లు 45 మైక్రాన్ల కంటే మెత్తగా నూరాల్సి వస్తుంది. అంత మెత్తటిది సింటర్ బెడ్‌లో కూడా గాలి ఆడనివ్వదు. అందుకే గోళీలంత ఉండలు, సుమారు 9 నుంచి 16 మిల్లీమీటర్లవి, చుట్టి కాలుస్తారు.

ఇక కష్టమైన దశ. ఎవరినడిగినా పెల్లెట్లు కాల్చే 1,300 డిగ్రీల ఫర్నేస్ అంటారు. ప్లాంట్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఫొటోలు దిగేదీ అక్కడే. నేను ఒప్పుకోను. పెల్లెట్ తలరాత ఉండలు చుట్టే డిస్క్ మీదే రాసేస్తారు, నీళ్లతో.

నేను డిస్క్ ఫ్లోర్‌లో పనిచేసే రోజుల్లో ఒక నైట్ షిఫ్ట్ చెప్తాను. వాలుగా తిరిగే ఆ పెద్ద పళ్లెం మీద ఉండలు తయారవుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. చిన్నవి అడుగున దొర్లుతూ పొడిని అంటించుకుంటాయి, పెరిగినవి పైకి తేలి అంచు దాటి పడతాయి. ఆ రాత్రి అంచు దాటేవి నున్నగా, తళతళలాడుతూ వస్తున్నాయి. మాయిశ్చర్ మీటరు 9 శాతం చూపిస్తోంది, అంటే అంతా బాగున్నట్టే. ల్యాబ్ కుర్రాడు డ్రాప్ టెస్ట్ చేశాడు. పచ్చి ఉండను 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఇనుప పలక మీద పదేపదే వదిలి, ఎన్నోసారికి పగిలిందో లెక్కపెట్టే పరీక్ష. ఎప్పటికంటే ఎక్కువసార్లు తట్టుకుంటున్నాయని తెగ సంబరపడ్డాడు.

మా సీనియర్ ఆపరేటర్‌కి మాత్రం ఆ మెరుపు నచ్చలేదు. బెల్టు మీది పొడి గుప్పెడు తీసి గట్టిగా పిసికి, చెయ్యి తెరిచి చూపించాడు. ముద్ద మీద వేలి గీతలు అచ్చు పడ్డాయి, అంతవరకు మంచిదే. కానీ అరచేయి తడితడిగా ఉంది. "మీటరు సంగతి తర్వాత చూద్దువుగానీ, ముందు ఫిల్టర్ దగ్గరికి పద బాబూ" అన్నాడు. తడి ఖనిజంలోంచి నీటిని వాక్యూమ్‌తో లాగేసేది ఆ ఫిల్టరే. వెళ్లి చూస్తే దాని గుడ్డ చిరిగి వాక్యూమ్ పడిపోయింది, నీరు తీసిన ముద్ద (కేక్) బురదలా వస్తోంది. మీటరు సెన్సార్ అద్దం మీద పొడి పేరుకుపోయి అది పాత అంకె దగ్గరే కూర్చుంది.

డ్రాప్ టెస్ట్ మోసం చేసింది ఇక్కడే. తడి ఎక్కువైన ఉండ మెత్తగా సాగుతుంది, కిందపడితే పగలదు. అదే గ్రేట్ మీద, అంటే ఉండల్ని ఫర్నేస్‌లోకి మోసుకెళ్లే సందులున్న ఇనుప పట్టీ మీద, పొరగా పేర్చితే పైబరువుకి నలిగి చదునై, సందులు మూసుకుపోతాయి. వేడి గాలి ఆడదు. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ఉండలు చిట్లి మళ్లీ పొడే మిగులుతుంది. మేము ఫీడ్ తగ్గించి గుడ్డ మార్పించేలోపు ఉండల్ని ఆరబెట్టే డ్రైయింగ్ జోన్‌లో ఆ పని కొంత జరిగిపోయింది. మర్నాడు మీటింగ్‌లో తిట్లు తిన్నది మాత్రం ఫర్నేస్ వాళ్లు, పాపం.

ఇలాంటప్పుడు చాలాచోట్ల చేసే పని బెంటొనైట్ పెంచడం. ఆ బంకమన్ను అదనపు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఆ షిఫ్ట్ గడిచిపోతుంది. మామూలుగా 1 శాతం లోపే వేసే సరుకు అది, అందులో ఉన్నది ఎక్కువగా సిలికా, అల్యూమినా. ఖనిజంలోంచి సిలికా తీయడానికి అంత కరెంటు తగలేసి నూరి, చివర్లో మళ్లీ మనమే సిలికా కలపడం ఏం తెలివి? ఆ డబ్బులో కొంత ఫిల్టర్ గుడ్డల మీద పెట్టమంటే ఎవరూ వినరు. గుడ్డలకి ఫొటోలు దిగే యోగం లేదు మరి.

ఫర్నేస్ పని సులువని అనడం లేదు. ఇనుప ఖనిజాల్లో మాగ్నటైట్ రకం అయితే ఆక్సీకరణ చెందుతూ తనే వేడి ఇస్తుంది, హెమటైట్ రకానికి ఆ సాయం ఉండదు కాబట్టి ఇంధనం ఎక్కువ కావాలి. కానీ అదంతా లెక్క ప్రకారం నడిచే వ్యవహారం. తడి అలా కాదు, అర శాతం అటూ ఇటూ అయితే చాలు, డిస్క్ మొరాయిస్తుంది. మీరు ఈ రంగంలోకి వచ్చే ఆలోచనలో ఉంటే కంట్రోల్ రూమ్ పోస్టింగ్ కోసం ఎగబడకండి. మొదట డిస్క్ ఫ్లోర్ అడిగి తీసుకోండి.