విశాఖ కూడా కదులుతోందా? కింద ఉన్నది లావా సముద్రమేనా?

ఖండాలు లావా మీద తేలుతున్నాయా, అలాగైతే మన వైజాగ్ కూడా కదులుతోందా అన్నది ప్రశ్న. కదులుతోంది! ఆర్కే బీచ్‌లో కూర్చుని మురీ మిక్చర్ తింటున్నా సరే, భారత పలకతో, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి గట్టి పైపొర ముక్కతో పాటు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా వెళ్తున్నాం, టికెట్ లేకుండా.

లావా సముద్రం మాత్రం లేదు. ఖండాల కింద సాధారణంగా 35, 40 కిలోమీటర్ల పైపెంకు దాటాక వచ్చే మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. ద్రవంలోంచి వెళ్లలేని ఎస్ తరంగాలు, అంటే ఒక రకం భూకంప తరంగాలు, అందులోంచి దర్జాగా వెళ్లిపోతాయి. ఇంతకన్నా రుజువేం కావాలి? కొలిమిలో కాలిన ఇనుము గట్టిగా ఉంటూనే సుత్తికి లొంగినట్టు, ఆ వేడి రాయి లక్షల ఏళ్లలో మెల్లగా సాగుతుంది. పలకలు విడిపోయే చోట, ఒకదాని కిందికి ఇంకొకటి దూరే చోట, హవాయి లాంటి కొన్ని వేడి ప్రాంతాల్లో కొంత భాగం కరిగి మాగ్మా అవుతుంది. విశాఖకు ఆ టెన్షన్ లేదు.

నాకు భలే ఇష్టమైన సంగతి కైలాసగిరి, డాల్ఫిన్ నోస్ కొండల ఖోండలైట్ రాయిది. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం వరకు మన తూర్పు కనుమలు అంటార్కిటికాను ఆనుకుని ఉండేవి. వీటికి చుట్టాలైన రాళ్లు తూర్పు అంటార్కిటికాలో ఇప్పటికీ ఉన్నాయి. మధ్యలో ఉన్న సముద్రమంతా ఆ తర్వాత పుట్టిందే.