వ్యాన్ కొనాలా, బాత్రూం బాగుచేయించాలా?

ప్రశ్న: నాకు 63, మావారికి 67. ఆయన రిటైరై రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఇంట్లో కాలు నిలవడం లేదు. తెల్లారకముందే పక్షుల్ని చూడ్డానికి వెళ్తారు, చేపలు పడతారు, కొండలెక్కుతారు, ఎక్కడో టెంట్ వేసుకుని పడుకుంటారు. ఇప్పుడు లోపల పడకా పొయ్యీ ఉన్న వ్యాన్ కొంటానంటున్నారు. దాని ధర మా ఏడాదిన్నర ఇంటి ఖర్చంత. ఖర్చులో మూడింట రెండొంతులు ఆయన పెన్షన్‌తో గడుస్తుంది, మిగతాది దాచుకున్న సొమ్ములోంచి తీస్తున్నాం. ఆ సొమ్ము ఏడాది ఖర్చుకు 12 రెట్లుంటుంది. ఇల్లు సొంతం, అప్పుల్లేవు. నేనేమో ముందు బాత్రూం బాగుచేయిద్దాం, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ పెట్టిద్దాం అంటున్నాను. దానికయ్యేది వ్యాన్ ధరలో పాతికో వంతు కూడా కాదు. అయినా వాయిదా పడుతూనే ఉంది. ఈ వయసులో వ్యాన్ ఏమిటని నాకు ఒకటే టెన్షన్. ఆయనకెలా చెప్పాలి?

జవాబు: అమ్మా, బాత్రూం పని ఈ నెలలోనే మొదలుపెట్టించండి. దాన్ని ఇంటి రిపేరు కింద రాయకండి, ఆయన సరదాల పద్దులోనే రాయండి. కొండ ఎక్కాల్సిన కాలు ముందు తడి నేల మీద నిలబడాలి కదా. కిందపడి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళలో 60 దాటినవాళ్ళే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రాణం దక్కినా, తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. ఆ ఆస్పత్రి ఖర్చూ, ఇంట్లో మనిషిని పెట్టుకునే ఖర్చూ కలిస్తే బాత్రూం పని ఎన్నిసార్లయినా చేయించుకోవచ్చు.

చేయించేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. పట్టుకునే కమ్మీ గోడలోకి గట్టిగా దిగి ఉండాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు మనిషి బరువు ఆపదు, కానీ కాలు జారినప్పుడు చెయ్యి పోయేది దాని మీదకే. ఎలాగూ తలుపు మారుస్తారు కాబట్టి దారి కనీసం 80 సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా చూడండి. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే మళ్ళీ గోడ పగలగొట్టక్కర్లేదు.

ఇక వ్యాన్. కొనే స్తోమత మీకు లేదని నేననను. ఇప్పుడు మీరు దాచుకున్నదాంట్లోంచి ఏడాదికి 2.8 శాతం తీస్తున్నారు. వ్యాన్ కొంటే సొమ్ము 12 రెట్ల నుంచి పదిన్నర రెట్లకు దిగుతుంది. బీమా, పన్ను, సర్వీసింగ్, టైర్ల కింద ఏడాదికి వ్యాన్ ధరలో 5 శాతం వేసుకున్నా, మీరు తీసేది 3.9 శాతానికి పెరుగుతుంది. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఒక లెక్క కట్టాడు. మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతోపాటు పెంచుకుంటూ పోయినా ఆ దేశపు పాత మార్కెట్లలో సొమ్ము కనీసం 30 ఏళ్ళు వచ్చింది. అది అక్కడి షేర్లు, బాండ్ల లెక్క. దాన్ని అన్నిచోట్లా అలాగే పట్టుకోకూడదు గానీ, మీరు గీత దగ్గరకి వచ్చేస్తున్నారని మాత్రం తెలుస్తుంది.

మీరు ఉత్తరంలో రాయని సంగతొకటి ఉంది. ఆయన పెన్షన్ ధరలతోపాటు పెరుగుతుందా? నన్ను వ్యాన్ కన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. పెరగకపోతే, ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగినా 12 ఏళ్ళలో ఖర్చు రెట్టింపవుతుంది. అప్పుడు ఖర్చులో మూడింట రెండొంతులు మోస్తున్న పెన్షన్ మూడోవంతే మోస్తుంది. మిగతా రెండొంతులు దాచుకున్నదాంట్లోంచే రావాలి. ఆయన తర్వాత మీకు పెన్షన్ ఎంత వస్తుందో కూడా ఈ వారమే కాగితాలు తీసి చూడండి. పెరగని పెన్షనైతే వ్యాన్ మాట ఇక్కడితో ఆపేయొచ్చు.

పెరిగేదే అయినా కొనేముందు ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి. ఈ రెండేళ్ళలో ఇల్లు వదిలి బయట పడుకున్నవి ఎన్ని రాత్రులు? ఏడాదికి 14 అనుకుందాం. వ్యాన్ ధర 100 అనుకుంటే, ఎనిమిదేళ్ళ తర్వాత 40కి అమ్ముడుపోయిందనుకోండి, 60 పోయింది. నిర్వహణకు ఇంకో 40. మొత్తం 100 పెట్టి 112 రాత్రులు. అంటే ఒక్కో రాత్రికీ వ్యాన్ ధరలో దాదాపు వందో వంతు. ఆ డబ్బు మీద రావాల్సిన వడ్డీ నేనింకా కలపలేదు. అయిదేళ్ళకే కళ్ళో మోకాళ్ళో సహకరించక డ్రైవింగ్ మానేస్తే రాత్రి ఖర్చు ఇంకా పెరుగుతుంది. అద్దెకు తీసుకుంటే రాత్రికి ఎంతో కనుక్కుని పక్కన పెట్టి చూడండి. మా నాన్న 71వ ఏట గేర్ల సైకిల్ కొన్నారు. మూడు నెలలు తొక్కారు. దాని దుమ్ము ఇప్పుడు నేను దులుపుతున్నాను.

అలాగని ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. వయసు మళ్ళినవాళ్ళ ఖర్చుల్ని డేవిడ్ బ్లాంచెట్ అనే పరిశోధకుడు 2014లో పరిశీలించాడు. ధరల పెరుగుదల తీసేసి చూస్తే, రిటైరైన తొలి ఏళ్ళ తర్వాత ఖర్చు మెల్లగా తగ్గుతూ వచ్చి, చివర్లో వైద్యం వల్ల మళ్ళీ పైకి లేస్తుంది. నా దగ్గరకొచ్చే కుటుంబాల్లోనూ చూస్తుంటాను, తిరిగే ఏళ్ళు ముందే అయిపోతాయి. కాబట్టి వ్యాన్ కోసం అనుకున్న డబ్బులో సగం విడిగా పెట్టి దానికి తిరుగుళ్ళ పద్దు అని పేరు పెట్టండి. ఎనిమిదేళ్ళకు పంచితే ఏడాదికి మీ ఒక నెల ఇంటి ఖర్చు కన్నా కాస్త ఎక్కువే వస్తుంది. వ్యాన్ అద్దె, దారి ఖర్చులు, సామాన్లు అన్నీ అందులోంచే. ఒక ఏడాది డబ్బు మిగిలితే దాచొద్దు, ఇంకో ట్రిప్ వెయ్యండి. పొదుపు చెయ్యమని చెప్పాల్సిన నేనే ఇలా అంటున్నానని నవ్వుకోకండి. మిగతా సగాన్ని మాత్రం వైద్యానికని ఎవరూ ముట్టుకోకుండా ఉంచండి.

సామాన్ల దగ్గర కూడా వయసు లెక్కలోకి వస్తుంది. పక్షుల్ని చూసేవాళ్ళకి ఖరీదైన పెద్ద బైనాక్యులర్ మీదకి మనసు పోతుంది. దాని మీద 8x42 అని ఉంటే, ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు అని అర్థం. 42ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. పగటి వెలుగులో కంటిపాప అంతలో సగమే తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ చీకట్లో కూడా మునుపటంత తెరుచుకోదు. పగటిపూట చూడ్డానికి 8x32 చాలు. మెడకు బరువూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

పైన అచ్చువేయలేదు గానీ, ఉత్తరం చివర చిన్న అక్షరాలతో మీరొక మాట రాశారు, "నాకూ పొద్దున్నే మొక్కల దగ్గర ఉండాలనుంటుంది గానీ మోకాళ్ళు వంగవు" అని. మూడు పేజీల్లో మీ గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. నడుమెత్తున మట్టి తొట్లు కట్టించుకోండి. ఒకవైపు నుంచే చెయ్యి పెట్టేట్లయితే వెడల్పు 60 సెంటీమీటర్లు దాటనివ్వకండి, లేకపోతే అవతలి మొక్క అందదు. ఆ ఖర్చు కూడా తిరుగుళ్ళ పద్దులోంచే.

ఆయనకెలా చెప్పాలని అడిగారు. మీరేం చెప్పకండి. ఈ కాగితం, ఒక పెన్నూ ఆయన చేతికిచ్చి, 14 అని నేను రాసిన చోట అసలు రాత్రులెన్నో ఆయన్నే లెక్కపెట్టి రాయమనండి.